రెండో షీటు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. పనికిమాలిన వ్యాఖ్యానాల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, దాన్ని లేపడానికి రాసిన టీకకు సంజీవిని అని పేరు పెట్టాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో మొదటి సగమే నాకు చేతనవుతుంది. పైగా ఇక్కడ మూర్ఛపోయింది కవి వాక్కు కాదు, చదివినవాడు.

చదివించిన గ్రంథం ఒక కొటేషన్. హైటెక్ సిటీలో అద్దాల ఆఫీసున్న ఇంటీరియర్ సంస్థ ఒకటి మా వంటింటి కోసం రచించింది. అందులో మంగళాచరణం, ఫలశ్రుతి, ఈఎంఐ సౌకర్యం అన్నీ ఉన్నాయి. వంటగట్టు గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం.

మూలం

కిచెన్ కౌంటర్‌టాప్, ప్రీమియం సాలిడ్ సర్ఫేస్, 12 ఎంఎం, సీమ్‌లెస్ ఫినిష్, యాజ్ పర్ స్టాండర్డ్ షీట్ సైజ్, షీట్లు 2, వేస్టేజ్ అండ్ కటౌట్స్ ఎక్స్‌ట్రా.

ప్రతిపదార్థం

కిచెన్, కౌంటర్‌టాప్: సుగమం. ప్రీమియం: పాదపూరణం. సంస్కృత శ్లోకాల్లోని చ, వై, తు, హి కోవలోది. అర్థం లేదు, ఖరీదు ఉంది.

సాలిడ్ సర్ఫేస్: 1967లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కోరియన్ (Corian) అనే బ్రాండు పేరుతో పుట్టించిన పదార్థం. ఇప్పుడు ఇంకా చాలా కంపెనీలు చేస్తున్నాయి. సుమారు మూడింట ఒక వంతు యాక్రిలిక్, రెండు వంతులు బాక్సైటు నుంచి వచ్చే అల్యూమినియం ట్రైహైడ్రేట్ పొడి. చూపుకు రాయి, రంపానికి కర్ర. పొయ్యి మీంచి దించిన కుక్కర్‌ను తిన్నగా దాని మీద పెడితే మచ్చ పడుతుంది. చీమకుర్తి నల్ల గ్రానైటును దేశదేశాలు ఓడల్లో తెప్పించుకుంటుంటే మనం కుక్కర్ కింద పీట వెతుక్కునే గట్టు ఎందుకు వేయించుకుంటున్నామన్నది వేరే గ్రంథం. మా ఇంట్లో అది ఇంకా పూర్తి కాలేదు.

సీమ్‌లెస్: అతుకు లేనిదని నిఘంటువు. అతుకు ఉన్నా కనబడనిదని సంప్రదాయం. అదే రంగు జిగురుతో అతికి సాన పడితే కంటికి ఆనదు, నిజమే. కానీ షీటు పొడవు 12 అడుగులు, బరువు 50 కిలోల పైన. కోకాపేట టవర్లలో లిఫ్టు ఎంత వేగంగా పైకెళ్లినా 12 అడుగుల పలకను లోపలికి రానివ్వదు. మెట్ల మీద మోయలేకపోతే కింద కోసి పైన అతకాల్సిందే. అందుచేత సీమ్‌లెస్ అన్న విశేషణం గ్రౌండ్ ఫ్లోర్ వరకే వర్తిస్తుందని పెద్దలు.

విశేషం

ఇక ‘కటౌట్స్ ఎక్స్‌ట్రా’. సింకు కూర్చోవడానికి గట్టులో కంత కోస్తారు. కోసినందుకు కూలి వేరు. కోసినచోట పదార్థం లేదు, అయినా దానికి రేటు ఉంది. లేనిదాన్ని పదార్థంగా లెక్కపెట్టడం తెలుగువాడికి కొత్త కాదు. పదిహేడో శతాబ్దపు అన్నంభట్టు, కృష్ణా తీరాన గరికపాడు వాడంటారు, తర్కసంగ్రహంలో ఏడు పదార్థాలు చెప్పి ఏడోది అభావమన్నాడు. కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరని పండితుల్లో ఒక నానుడి. హైటెక్ సిటీలో ఆఫీసు తీసినవాళ్లు మాత్రం అయిపోయారు.

అభావం నాలుగు విధాలు. వస్తువు పుట్టకముందు ఉండేది ప్రాగభావం. దానికి మొదలు లేదు, చివర ఉంది. అడ్వాన్సు తీసుకున్నాక గట్టు వచ్చేదాకా ఇంటావిడ గ్యాస్ బండ పక్కన నేల మీద కూరలు తరగడం ఈ దశ. దీనికి చివర ఉందని శాస్త్రం చెబుతోంది కాబట్టి నమ్మాలి. ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. కుండ గుడ్డ కాదు, గుడ్డ కుండ కాదు, శాంపిల్ ముక్క వచ్చిన షీటు కాదు.

వస్తువు నశించాక మిగిలేది ప్రధ్వంసాభావం. దీనికి మొదలుంది, చివర లేదు. సింకు కంత ఈ జాతిదేనని ఇంటీరియర్ వారి వాదం. తర్కానికి నిలవదు. 30 అంగుళాలకు 18 అంగుళాల ముక్క నశించలేదు, వాళ్ల వర్క్‌షాపులో గోడకు ఆనించి ఉంది. చోటు మారినదాన్ని ధ్వంసమైందనడానికి ఏ ప్రమాణమూ లేదు. ఆ ముక్క వైశాల్యం 3.75 చదరపు అడుగులు. షీటు మొత్తం 30. అంటే ఎనిమిదో వంతు. రేపు నల్లగండ్లలో ఎవరి బాత్‌రూమ్‌లోనో వాష్ బేసిన్ గట్టుగా అవతరించి మరోసారి ప్రీమియం అవుతుంది.

మరి మా ఇంట్లో దాని స్థితి ఏమిటి? కోత వర్క్‌షాపులోనే జరిగింది కాబట్టి ఆ ముక్క మా గడప ఎన్నడూ తొక్కలేదు, ఇప్పుడు లేదు, ఇక రాదు. మూడు కాలాల్లోనూ లేనిది అత్యంతాభావం. ఇంత పవిత్రమైన అభావానికి జీఎస్టీ కూడా కట్టాను.

మనం చెప్పుకోవాల్సింది షీటు సైజు గురించి కదూ.

పూర్వపక్షం

‘స్టాండర్డ్ షీట్ సైజ్ అంతే సర్, మా చేతుల్లో ఏం లేదు. మీది 12 అడుగుల స్ట్రెయిట్ కిచెనే కానీ రెండు షీట్లు పడతాయి.’

సిద్ధాంతం

మామూలు షీటు వెడల్పు 760 మిల్లీమీటర్లు, అంటే 30 అంగుళాలు. వంటగట్టు లోతు 600. మిగిలింది 160. అందులో గోడకు ఆనే వెనక పట్టీ 100, ముందు అంచు మందంగా కనబడటానికి కింద అతికే పట్టీ 40. మొత్తం 740. మిగతా 20 రంపం బ్లేడుకు, అంచుల సవరింపుకు. గట్టు, వెనక పట్టీ, ముందు పట్టీ మూడూ ఒకే షీటులోంచి, ఒకే రంగు ఛాయతో వస్తాయి. అమెరికా లెక్కలోనూ గట్టు 25 అంగుళాలు, పట్టీ 4, అంచు 1, మొత్తం ఆ ముప్పయ్యే. ఇంత పొందికైన సంఖ్యను నేను ఛందస్సులో తప్ప చూడలేదు.

మా డిజైనర్ గీసిన లోతు 650. ‘స్పేషియస్‌గా ఉంటుంది సర్’ అన్నాడు. 760లోంచి 650 తీస్తే 110. వెనక పట్టీకి 100 పోతే బ్లేడు కోతకే సరి. 40 మిల్లీమీటర్ల ముందు పట్టీ ఎక్కణ్నుంచి రావాలి? రెండో షీటులోంచి. 30 చదరపు అడుగుల షీటు తెప్పించి, అందులో పందొమ్మిదో వంతు చీల్చుకుని, మిగతాది వేస్టేజ్ అని రాసి, ఆ వేస్టేజ్‌ను వర్క్‌షాపులోనే ఉంచేసుకుంటారు. షీటు సైజు వాళ్ల చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను. 650 ఎవరి చేతుల్లోది బాబూ? మోడ్యులర్ అల్మారాల లోతు అంతకు తక్కువే కదా, ఆ పైన పొడుచుకొచ్చే గట్టుకు నా జేబులోంచి ఒక షీటెందుకు?

ఇదేం కొత్త విద్య కాదు. ఈ వీధుల్లోనే లాబీని, లిఫ్టును మన ఫ్లాట్ చదరపు అడుగుల్లో కలిపి సూపర్ బిల్టప్ పేరిట అమ్మారు. కార్పెట్ ఏరియా అంటే ఏమిటో 2016 రెరా చట్టం నిర్వచించాల్సి వచ్చింది. వంటగట్టు కోసం పార్లమెంటు కూర్చోదు, మనమే టేపు పట్టుకుని కూర్చోవాలి.

తాత్పర్యం

అల్మారాలు గీయకముందే షీటు వెడల్పు అడగండి. అది 760 అయితే గట్టు లోతు 600 దాటనివ్వకండి. ఏ ముక్క షీటులో ఎక్కణ్నుంచి వస్తుందో చూపే కటింగ్ లేఅవుట్ కాగితం మీద గీసి ఇచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. అతుకు ఎక్కడో కూడా అందులోనే చూపమనండి. ఎల్ ఆకారపు గట్టయితే సరిగ్గా మూలలో, సింకు కంతకో స్టవ్ కంతకో ఆనుకుని అతుకు రానివ్వకండి, పగులు మొదలయ్యేది అక్కడే. షీటు లెక్కన డబ్బు తీసుకుంటే మిగిలిన ముక్కలన్నీ ఇంటికి రావాలని కొటేషన్‌లోనే రాయించండి. కుదరదంటే చదరపు అడుగుల లెక్కన, వేసినంతకే బిల్లు ఇమ్మనండి. రెండూ కుదరవన్నవాడికి మీ వంటిల్లు అప్పగించకండి.