నాలుగు దశాంశ స్థానాల సంతోషం

మనిషి హాయిగా బతకాలంటే ఒక్కో చేదు భావానికి ఎన్ని తీపి భావాలు కావాలి? మూడు అంటే అది బామ్మ మాట. 2.9013 అంటే మనస్తత్వశాస్త్రం. బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, మార్సియల్ లొసాడా 2005లో ఈ అంకెను 'అమెరికన్ సైకాలజిస్ట్' జర్నల్లో ప్రకటించారు. పైహద్దు కూడా ఉంది: 11.6346. అది దాటితే సంతోషం వికటిస్తుందట. కంసాలి త్రాసు కూడా ఇంత సన్నంగా తూచదు. ఇంతకీ ఈ తూనికరాళ్లు ఎక్కడివి? వేడెక్కిన ద్రవం ఎలా సుడులు తిరుగుతుందో చెప్పడానికి ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో వాడిన సమీకరణాలవి. ద్రవం స్వభావాన్ని బట్టి వేసుకోవలసిన విలువల్ని సైతం మార్చకుండా, ఆఫీసు మీటింగుల్లో జనం ఆడుకునే మాటలకు వాటిని తగిలించారు. గుమాస్తా చిరాకు, గిన్నెలో మరిగే నీళ్లు ఒకే సూత్రానికి లొంగాయన్నమాట.

ఈ వ్యాసం పీర్ రివ్యూ, అంటే అచ్చుకు ముందు తోటి నిపుణులు చేసే సమీక్ష, గడప దాటే వచ్చింది. అమెరికా మనస్తత్వవేత్తల సంఘం ప్రధాన పత్రిక అది. ముద్ర పడ్డాక ఇక అడిగేదెవరు? 2009లో ఫ్రెడ్రిక్‌సన్ పుస్తకం 'పాజిటివిటీ' ఆ నిష్పత్తిని మామూలు పాఠకుల దాకా మోసుకెళ్లింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ ఎనిమిదేళ్లు పట్టింది, మొరిగింది కూడా పెంపుడు కుక్క కాదు. నిక్ బ్రౌన్ అనే పార్ట్‌టైమ్ విద్యార్థికి ఆ లెక్క మింగుడుపడలేదు. భౌతికశాస్త్రవేత్త అలన్ సోకల్, మనస్తత్వవేత్త హ్యారిస్ ఫ్రీడ్‌మన్‌లతో కలిసి 2013లో అదే పత్రికలో దాన్ని విప్పిచూపాడు. గణిత భాగాన్ని వెనక్కి తీసుకున్నారు. మంచి భావాలు ఎక్కువైతే మేలన్న మాట మాత్రం నిలబడే ఉందని ఫ్రెడ్రిక్‌సన్ వాదన. అంటే మళ్లీ బామ్మ దగ్గరికే వచ్చాం, దశాంశాలు లేకుండా.

ఏదో ఒక వ్యాసం జారిపోతే వ్యవస్థనే తిడతారా అంటారు. న్యాయమైన ప్రశ్నే. 1982లో వెలువడిన ఒక పరీక్ష చూడండి. డగ్లస్ పీటర్స్, స్టీఫెన్ సీసీ 12 మనస్తత్వశాస్త్ర వ్యాసాలు తీసుకున్నారు. అన్నీ పేరున్న విశ్వవిద్యాలయాలవి, అప్పటికే అచ్చయినవి. రచయితల పేర్లు, సంస్థల పేర్లు కల్పించి, ఏ పత్రికలో వచ్చినవాటిని ఆ పత్రికకే తిరిగి పంపారు. మూడింటిని మాత్రమే గుర్తుపట్టారు. మిగిలిన తొమ్మిదింటిలో ఎనిమిదిని తిప్పికొట్టారు. ఇది పాతదే కదా అని కాదు సుమా, చాలావాటికి చెప్పిన కారణం పరిశోధన పద్ధతిలోనే పెద్ద లోపాలున్నాయని! రెండు మూడేళ్ల కిందట ఆ లోపాలు పెద్ద విశ్వవిద్యాలయం పేరు చాటున దాక్కున్నాయేమో. 2011లోనైతే, రాబోయేది ముందే మనసుకు తెలుస్తుందన్న డారిల్ బెమ్ తొమ్మిది ప్రయోగాలు ఒక అగ్రశ్రేణి పత్రికలో దర్జాగా అచ్చయ్యాయి. ఆ ప్రయోగాల్లో ఒకదాన్ని మళ్లీ చేసి, ఏమీ దొరకలేదని ముగ్గురు పరిశోధకులు రాసి పంపితే, చేసినదే మళ్లీ చేసిన ప్రయోగాలు తాము వెయ్యమంది అదే పత్రిక.

పాపం, సమీక్షకులు జీతం లేని చాకిరీ చేస్తున్నారు, ముడి లెక్కలు వాళ్లకు సాధారణంగా చూపించరు, వాళ్లనేం అంటారు అని ఇంకో సమాధానం. నిజమే, నేనూ అదే అంటున్నాను. ఇద్దరో ముగ్గురో తీరిక దొరికినప్పుడు కథనం చదివి, పొందికగా ఉందన్నారు. అంతవరకే దాని విలువ. దాన్ని ఆగ్‌మార్క్ ముద్రలా బడి పాఠానికీ ప్రభుత్వ పథకానికీ అతికించడమే పేచీ. సైన్స్ తన్ను తానే దిద్దుకుంటుందన్న ఊరడింపూ వినిపిస్తుంది. దిద్దుతుంది, కానీ దిద్దిన చెయ్యి ఎవరిదో చూశాం కదా.

అలాగని సమీక్షే దండగ అనను. ఫలితాలు రాకముందే ప్రయోగ పథకాన్ని పరీక్షించి, ఏం తేలినా అచ్చువేస్తామని మాటిచ్చే పద్ధతి ఇప్పుడుంది. రిజిస్టర్డ్ రిపోర్ట్ అంటారు. 2021లో మనస్తత్వశాస్త్ర వ్యాసాలను పోల్చిచూస్తే, మామూలు వ్యాసాల్లో 96 శాతం తమ ఊహే నిజమైందన్నాయి. ఈ కొత్తరకంలో 44 శాతమే అలా అన్నాయి. తప్పిన ఊహలు ఇన్నేళ్లూ ఎవరి సొరుగుల్లో పడుకున్నాయో సమీక్షకులను అడిగి లాభం లేదు. వాళ్ల బల్ల మీదికి వచ్చింది నెగ్గిన కాగితాలే.