వేసవిలో సంభాషణ సంఘం

ఇంగ్లండులో ఇటాలియన్ నేర్చుకోవాలంటే బెడ్‌ఫర్డ్‌ని మించిన ఊరు లేదు. నేర్చుకున్నది మర్చిపోవాలన్నా అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన ఇళ్లు మళ్లీ కట్టుకోవడానికి ఇంగ్లండుకి ఇటుకలు కావలసివచ్చాయి. బట్టీల వేడిలో పనిచెయ్యడానికి మాత్రం ఇక్కడివాళ్లు సరిపడా దొరకలేదు. దాంతో 1951 నుంచి ఇటుకల కంపెనీలు నేపుల్స్‌లో మనుషుల్ని ఏరి, నాలుగేళ్ల ఒప్పందం మీద ఇక్కడికి తెచ్చుకున్నాయి. వచ్చినవాళ్లంతా పూలియా, కాంపానియా, కలాబ్రియా, మొలీజె, సిసిలీ పల్లెల వాళ్లు. వాళ్లని మొదట ఉంచింది పాత యుద్ధఖైదీల శిబిరాల్లో. గడువు తీరగానే వెళ్లిపోతారని కంపెనీలు అనుకున్నాయి. వాళ్లేమో పెళ్లాంపిల్లల్ని తెప్పించుకుని, పెరట్లో టమాటా నారు పోసి, ద్రాక్షతీగకి పందిరి వేసి, స్థిరపడిపోయారు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దవని పేరుమోసిన స్టూవర్ట్‌బీ బట్టీలు 2008లో మూతపడ్డాయి. 2021లో పొగగొట్టాలు కూడా పడగొట్టేశారు. టమాటాలు మాత్రం ఏటా కాస్తూనే ఉన్నాయి.

ఈ ఊళ్లో ఇటాలియన్ సంస్కృతీ సంభాషణల సంఘం ఒకటి ఉంది. నేనందులో చేరింది సంస్కృతి కోసమూ కాదు, సంభాషణ కోసమూ కాదు. ఇరుగుపొరుగు సంబంధాలు చక్కబెట్టుకోవడానికి. మా పక్కింటి పెద్దాయన, పాత బట్టీ కార్మికుడు, ఒకరోజు గోడ మీంచి ఒక మొక్క అందించాడు. వాసన చూసి మా ఆవిడ తులసే అనుకుంది. కుండీలో నాటి, బొట్టు పెట్టి, దీపం వెలిగించింది. వారం తిరక్కుండా ఆయన తన పెరట్లో అదే మొక్క ఆకులు గుప్పెడు తుంపి మాంసం కూరలో వెయ్యడం కిటికీలోంచి చూసింది. అది తులసికి దాయాదే గాని తులసి కాదనీ, పేరు బజీలికో అనీ ఎంత చెప్పినా ఆయన మీద కోపం తగ్గలేదు. ఆవిడ తరఫున రాయబారానికి నేను వెళ్లాను. ఆయన నన్ను సంఘానికి తీసుకెళ్లాడు.

శీతాకాలమంతా సంఘం ఒక చర్చి హాల్లో, ప్లాస్టిక్ కుర్చీల్లో, చిత్రకారుడు కారవాజ్జో బొమ్మల ముందు ఆవలిస్తూ నడుస్తుంది. జూన్ రాగానే ఆరుబయటికి వస్తుంది. అసలు స్వరూపం అప్పుడు బయటపడుతుంది.

సంఘంలో రెండు పక్షాలు. ఒకటి పుస్తకం పక్షం: రిటైరైన ఇంగ్లీషు పెద్దమనుషులు, టీచర్లు. టస్కనీలో ఇల్లు అద్దెకు తీసుకుని వేసవి గడిపి వచ్చిన వాళ్లు. వాళ్లది స్వచ్ఛమైన ఫ్లోరెన్స్ భాష. క్రియాపదం తప్పకుండా పలకాలన్న పట్టుదల కొద్దీ వాక్యం మధ్యలో ఆగి ఆలోచిస్తారు; ఈలోగా ఎదుటివాడు ప్లేటు నింపుకుని వచ్చేస్తాడు. రెండోది పల్లె పక్షం: బట్టీ తరం వాళ్లూ, వాళ్ల పిల్లలూ. వీళ్లు మాట్లాడేది వాళ్ల వాళ్ల ఊళ్ల భాషలు. ఆ భాష విని పుస్తకం పక్షం నిఘంటువులు తిరగేస్తుంది. నిఘంటువులో ఆ మాట ఉండదు. 1861లో ఇటలీ ఒక్క దేశమయ్యేనాటికి నూటికి రెండున్నర మందికే ఈ పుస్తకాల ఇటాలియన్ వచ్చని తుల్లియో దె మౌరో అనే భాషావేత్త లెక్కగట్టాడు. మిగతా తొంభై ఏడున్నర మంది మునిమనవలూ మా సంఘంలోనే సభ్యులని నా అనుమానం.

తెలుగంటే తూర్పుదేశాల ఇటాలియన్ అని చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ని కదా, చేరిన కొత్తలో ఆ శుభవార్త వాళ్లకి చెప్పాను. ఒక్కరూ విని ఉండలేదు. అయితే మాది పడమటి తెలుగన్నమాట అని మర్యాదకైనా అనలేదు. కాని ఒత్తుల దగ్గర నా తెలుగు నన్ను కాపాడింది. అమ్మ, అన్నం, అక్క అంటూ పెరిగిన నోటికి ఇటాలియన్ ఒత్తులు ఒక లెక్కా? పుస్తకం పక్షానికి అవే గండం. ఇటాలియన్‌లో సంవత్సరాలు అనే మాటకి నకారం ఒత్తు తీసేస్తే, మనిషికి ఒక్కటే ఉండవలసిన, కూర్చునే చోట ఉండే అవయవం పేరవుతుంది. వయసు చెప్పబోయిన ఒక పెద్దమనిషి, తనకు అవి అరవై ఎనిమిది ఉన్నాయని, పోయిన మార్చిలోనే పూర్తయ్యాయని సభాముఖంగా ప్రకటించాడు. పల్లె పక్షం ముసలమ్మలు అభినందించారు.

అధ్యక్షుడు పుస్తకం పక్షమే. ఇంగ్లీషు మాట దొర్లితే ఇరవై పెన్నీలు జరిమానా. దానికొక గాజు సీసా పెట్టాడు. సభ్యత్వ రుసుము దీనికి అదనం. రోము సామ్రాజ్యం నుంచి ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు ఇండియాకి తరలిపోతున్నాయని ఒకటో శతాబ్దంలోనే రోము రచయిత ప్లినీ వాపోయాడు. రుసుము కట్టే ప్రతిసారీ, బాకీ వసూలు మొదలైనట్టుందే అనుకుంటాను.

వేసవి కార్యక్రమాల్లో మొదటిది గ్రేట్ ఊజ్ నది ఒడ్డున పచ్చికలో సాహిత్య గోష్ఠి. చదివేది మన్‌జోనీ నవల ‘ఇ ప్రొమెస్సి స్పోజి’. ఆ మహానుభావుడు 1827లో అచ్చయిన నవలని ఫ్లోరెన్స్ భాషలోకి మార్చి 1840లో మళ్లీ అచ్చు వెయ్యడం మొదలెట్టాడు. అందుకే పుస్తకం పక్షానికి అది వేదం. కోమో సరస్సు వర్ణనతో మొదలై, పిరికి పూజారి దోన్ అబ్బోందియోకి దారిలో ఇద్దరు రౌడీలు అడ్డం పడేదాకా చదువుతాం. ఈలోపల ఎవరో ఒకరు వేయించిన గుమ్మడిపువ్వులు తెస్తారు. నవలలో ప్రేమికుల పెళ్లి జరుగుతుందో లేదో మా సంఘంలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

తర్వాత బొచ్చె ఆట. నవ్వకండి, పేరే అంత. చిన్న గుండు ఒకటి దూరంగా విసిరి, పెద్ద గుండ్లు దానికి దగ్గరగా దొర్లించాలి. చూడ్డానికి చాలా శాంతమైన ఆట. టేపు తీసి కొలిచేటప్పుడు మాత్రం దగ్గర పిల్లలుండకూడదు. ఆడేవాళ్లు నలుగురైతే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఎలా విసరాలో చెప్పేవాళ్లు పద్నాలుగు మంది. సంఘం పేరులో సంభాషణ ఉన్నందుకు న్యాయం జరిగేది ఇక్కడే. ఆ అరగంటలో నేను నేర్చుకున్న ఇటాలియన్ ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. దొరికితే ఆ పుస్తకాన్ని నిషేధిస్తారు.

ఆగస్టు 15 వచ్చిందంటే నాకు ధర్మసంకటం. అది మనకి స్వాతంత్ర్య దినం, వాళ్లకి ఫెర్రగోస్తో. ఆగస్టస్ చక్రవర్తి క్రీస్తుపూర్వం 18లో ఇచ్చిన సెలవు అది. ఇచ్చినాయన పోయి రెండువేల ఏళ్లయినా ఎవడూ రద్దు చెయ్యలేకపోయాడు. పొద్దున్న తెలుగువాళ్ల జెండా వందనానికి వెళ్లి, లడ్డూ తిని, చొక్కాకి మూడు రంగుల రిబ్బనుతో అలాగే పిక్నిక్కుకి వెళ్తాను. పల్లె పక్షం దాన్ని చూసి ముచ్చటపడింది. ఎరుపు వెలిసిపోయిందని ఒకాయన జాలిపడితే, తలకిందులుగా పెట్టుకున్నానని ఒకావిడ విప్పి తిరగేసి పెట్టింది.

ఆ రోజున ఇంగ్లండులో వాన పడకపోతే ఆశ్చర్యపోవాలి. పుస్తకం పక్షం తడుస్తూనే శాండ్‌విచ్చులు తింటుంది. పల్లె పక్షం చెట్టుకింద చేరి, మెడకి గుడ్డ చుట్టుకుని, గాలి తగిలితే ప్రాణం పోతుందని వాదిస్తుంది. మెడకి చల్లగాలి సోకడం, తడిజుట్టుతో బయటికి రావడం, భోజనమయ్యాక మూడు గంటలలోపు నీళ్లలో దిగడం, ఈ మూడూ వాళ్ల దృష్టిలో మహాపాతకాలు. నాలుగోది భోజనం తర్వాత కాపుచినో తాగడం. అయిదోది కార్బొనారా పాస్తాలో క్రీము పొయ్యడం. అది పుస్తకం పక్షపు సభ్యురాలు ఒకావిడ బహిరంగంగా చేసింది. ఆ గిన్నె దగ్గరికి వెళ్లినవాళ్లందరూ దాన్ని చూసి, శిలువ గుర్తు వేసుకుని, పుచ్చకాయ వైపు నడిచారు.

మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చింది ఆ కార్బొనారా వేసవిలోనే. ఇంట్లో కూచుంటే తోచడం లేదంటే పస్సాత రోజుకి తీసుకెళ్లాను. పస్సాత అంటే ఏడాదికి సరిపడా టమాటా గుజ్జు ఒకేరోజున తీసి సీసాలకెత్తడం. మన వైపు మామిడికాయలు దిగిన రోజుల్లో ఆవకాయ ఎలాగో, దక్షిణ ఇటలీలో ఆగస్టులో ఇది అలాగ. పక్కింటాయన పెరట్లో పెట్టెలకొద్దీ టమాటాలు. కడిగేవాళ్లు, కోసేవాళ్లు, వేడినీళ్లలో వేసి తీసేవాళ్లు, మరతిప్పేవాళ్లు. మరలో ఒకపక్క గుజ్జు, ఇంకోపక్క తొక్కా గింజా పడతాయి. ఆ తొక్కని రెండోసారి మరలో వెయ్యకుండా పారేస్తే ఆ ఇంటి ముసలావిడ ఊరుకోదు. సీసాకో బజీలికో ఆకు వేసి, బిరడా బిగించి, పెద్ద డ్రమ్ములో పాతగుడ్డల మధ్య పేర్చి, నీళ్లు పోసి కింద మంట పెడతారు. చల్లారేదాకా ముట్టుకోకూడదు.

అత్తయ్య నడుముకి కొంగు బిగించి తనిఖీకి దిగింది.

“ఉప్పు?”

“వెయ్యరట అత్తయ్యా.”

“కారం? ఆవపిండి? పోనీ నూనె?”

“ఏమీ లేదు.”

“మరి బూజు పట్టి చావదూ?”

మంటా, బిరడా చూసుకుంటాయని చెప్పాను. నమ్మలేదు. ఈలోగా ముసలావిడ లోపలికెళ్లి ఒక సీసా తెచ్చి అత్తయ్య ముందు పెట్టింది. వంకాయ ముక్కలు ఉప్పుతో నొక్కి నీరు తీసి, వెనిగర్‌లో ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిరప వేసి, పైన నూనె పోసి ఊరబెట్టిన సరుకు. అత్తయ్య వేలితో నాకి చూసింది. మొహం విప్పారింది. “ఇదీ పచ్చడంటే! ఇన్నాళ్లూ ఈ ఊళ్లో మనుషులే లేరనుకున్నాను” అంది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ ద్రాక్షపందిరి కింద స్టూళ్ల మీద కూర్చుని మూడు గంటలు మాట్లాడుకున్నారు. ఆవిడది పూలియాలో ఏదో కొండపల్లె భాష, ఈవిడది తెలుగు. మధ్యలో ఎవరూ లేరు. అధ్యక్షుడు కాసేపు దూరంగా నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. నోటుబుక్కు తీసి నన్ను పక్కకి పిలిచాడు. అది ఏ ప్రాంతపు యాస అన్నాడు.

“తెనాలి” అన్నాను.

“పూలియాలోదేనా?”

“ఇంకాస్త కిందకి.”

రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక అత్తయ్య నివేదిక ఇచ్చింది. ఆవిడకి ముగ్గురు కొడుకులట, నడిపివాడు చెప్పిన మాట వినడట, చిన్నకోడలితో పడదట, మోకాలికి ఆపరేషనయిందట, ఊళ్లో తమ్ముడు పొలం వాటా తేల్చడం లేదట. మర్నాడు పక్కింటాయన్ని అడిగి సరిచూసుకున్నాను. అన్నీ నిజమే. పొలం సంగతి ఆయనకే తెలియదు, ఇంట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చాడు.

సీసాలు ఉడుకుతుండగా తొంబొల ఆడారు. మన ఆడవాళ్ల కిట్టీ పార్టీల్లో ఆడే తంబోలా పుట్టిల్లు ఇదే. తొంభై అంకెలు, టికెట్టుకి పదిహేను. 1734లో నేపుల్స్‌లో రాజుగారికీ, ఒక పాదిరీకీ లాటరీ మీద తగువొచ్చి, క్రిస్మస్ వారంలో లాటరీ ఆపించారనీ, జనం దాన్ని ఇంట్లో ఆటగా మార్చుకున్నారనీ చెప్పుకుంటారు. అందుకే అది క్రిస్మస్ ఆట, ఆగస్టులో ఆడకూడదని ఒకాయన శాస్త్రం తీశాడు. బెడ్‌ఫర్డ్ ఆగస్టూ నేపుల్స్ డిసెంబరూ ఒకటే చలి అని ముసలావిడ కొట్టిపారేసింది. అంకె పిలిస్తే సరిపోదు, ప్రతి అంకెకీ అర్థం ఒకటి ఉంటుంది. ఇరవైరెండు పిచ్చివాడు, నలభై ఎనిమిది మాట్లాడే శవం, డెబ్భై ఏడు ఆడవాళ్ల కాళ్లు, తొంభై భయం. అత్తయ్యకి అంకె బిళ్ల చూపించేవారు, అర్థం నేను చెప్పేవాణ్ని, కాళ్ల దగ్గర తప్ప.

వాళ్ల ఆటలో ఒకే వరసలో రెండు, మూడు, నాలుగు, అయిదు పడితే బహుమతులు. చివరికి టికెట్టు నిండితే పెద్ద బహుమతి. అత్తయ్య ఉన్నట్టుండి “కార్నర్స్!” అని చెయ్యెత్తింది. అలాంటి బహుమతి లేదని అధ్యక్షుడు అన్నాడు. తెనాలి లేడీస్ క్లబ్బులో ఇరవై ఏళ్లుగా ఉందని అత్తయ్య అంది. సంగతేమిటో తెలుసుకోకుండానే ముసలావిడ అత్తయ్య పక్షాన బల్ల గుద్దింది. పల్లె పక్షం మొత్తం లేచింది. అధ్యక్షుడు కంగారులో రెండు ఇంగ్లీషు మాటలు జార్చి, నలభై పెన్నీలు సీసాలో వేసి కూర్చున్నాడు. నాలుగు మూలల బహుమతి ఆమోదం పొందింది. బహుమతి: ఇంట్లో చేసిన లిమొంచెల్లో, ఒక సీసా.

నిమ్మతొక్కలు స్పిరిటులో నానబెట్టి పంచదార పాకం కలుపుతారు. బ్రాందీకి చెల్లెలి వరస. శనివారం వెంకన్నకి ఒంటిపూట ఉండే మనిషికి అదెలా చెప్పను? నిమ్మకాయతో చేస్తారు, అరుగుదలకి మంచిదని భోజనమయ్యాక పుచ్చుకుంటారు అన్నాను. రెండూ నిజాలే. ఆ రాత్రి నుంచి అత్తయ్య చిన్న స్టీలు గ్లాసుతో, అడుగు తడిసేంత, క్రమం తప్పకుండా పుచ్చుకుంది. సీసా సగానికి వచ్చాక నాకు మనసొప్పలేదు. అత్తయ్యా, అందులో ఏం కలుస్తుందంటే, అని మొదలెట్టాను.

“నాకు తెలీదనుకున్నారా అల్లుడుగారూ! మీ మావయ్యగారు బీరువా పైన దాచుకునే సీసా వాసనే ఇది. ఆయనకి నిమ్మకాయ పిండాలన్న జ్ఞానం లేదంతే.”