45087 మొదలు 45437 దాకా

ఉంగుటూరులో ఒక పెద్దాయన ఇంటి ముందుగదిలో, పాత కంప్యూటర్‌లో నా కాపురం. నేనొక ఎక్సెల్ షీటును. పేరు ‘వడ్డీ లెక్క’. పెద్దాయన ఒకప్పుడు గుమాస్తాగా చేశారు. ఊళ్లో ఎవరి ప్రోనోటుకైనా వడ్డీ లెక్క కట్టించుకోవడానికి ఇప్పటికీ ఆయన దగ్గరికే వస్తారు. బీకాం చదివే మనవరాలు సెలవులకొచ్చి నన్ను తయారుచేసి వెళ్లింది. వేసవి వచ్చిందంటే నాకు తీరికుండదు. నూజివీడు, ఆగిరిపల్లి వైపు మామిడి తోటలు గుత్తకు పట్టినవాళ్ల చేతిలో డబ్బు ఆడేది కాయ నున్న మార్కెట్‌కు చేరాకే.

మీరు తేదీ అనుకునేది నాకు ఉత్త అంకె. 1900 జనవరి 1 అంటే 1. అక్కణ్నుంచి రోజుకొకటి చొప్పున పెరుగుతూ పోతుంది. 2023 జూన్ 10 అంటే 45087, 2024 మే 25 అంటే 45437. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 350 రోజులు. నా విద్యంతా ఈ తీసివేతే. 1900 లీపు సంవత్సరం కాదు, అయినా ఆ ఏడు ఫిబ్రవరి 29కి నా దగ్గర 60 అనే అంకె ఉంది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాం ఆ లేని రోజును లెక్కేసింది. దాని ఫైళ్లు చెడకూడదని ఎక్సెల్ కూడా అలాగే ఉంచేసింది. ఇప్పటి వడ్డీలకు దానివల్ల పైసా తేడా రాదు. నూజివీడు జమీందార్ల నాటి దస్తావేజులు తెస్తే మాత్రం, 1900కు ముందటి తేదీలు నాకు అక్షరాలే తప్ప రోజులు కావు.

నన్ను పెట్టిన కొత్తలో కంప్యూటర్‌కు అమెరికా పద్ధతి ఉండేది, నెల ముందు, రోజు తర్వాత. పెద్దాయన 10-06-2023 అని కొడితే అక్టోబరు 6 అయింది. 25-05-2024 కొడితే ఇరవై అయిదో నెలంటూ లేదు గనక, గడిలో ఎడమవైపుకు జరిగి మాటగా మిగిలిపోయింది. “తాతయ్యా, కుడివైపు నిలబడితేనే తేదీ” అని మనవరాలు చెప్పి, సెట్టింగు మార్చింది. పెద్దాయన ఇప్పటికీ ముందు చూసేది ఆ అంచునే.

అసలు తగువు రోజుల్లో రాదు, భాగహారంలో వస్తుంది. కోత కాగానే వచ్చే కాపుకు తోట మాట్లాడుకుని, బయానాకు లక్ష అప్పు తెచ్చాడొక రైతు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. తేదీలు పైన చెప్పినవే. ఊరి లెక్కలో నెలంటే ముప్ఫై రోజులు. పదకొండు నెలల పదిహేను రోజులకు 23,000. నాలోని డేస్360 ఫార్ములా పట్టుకునేదీ ఇదే లెక్క, 345 రోజులు. అప్పిచ్చినాయన కొడుకు ఫోన్‌లో చూసుకొచ్చిన మొత్తం 23,333.

“350 రోజులు నిజమే కదండీ” అన్నాడు.

“నిజమే బాబూ. మరి దేంతో భాగించావు?”

“360తో.”

“రోజులు క్యాలెండరువీ, ఏడాది ఊరిదీనా? ఏదో ఒకటి పట్టుకో. 365తో వెయ్యి.”

365తో వేస్తే 23,013 రూపాయల 70 పైసలు. ఊరి లెక్కకూ దానికీ తేడా పద్నాలుగు రూపాయలు కూడా లేదు. రెండు పద్ధతుల్లోంచీ తమకు లాభమైన సగం తీసుకుంటేనే మూడొందల ముప్ఫై మూడు పుట్టుకొస్తాయి. అమెరికా బ్యాంకులు కొన్ని అప్పులకు ఇలా అసలు రోజులను 360తో భాగిస్తాయి. కానీ ఆ సంగతి ముందే కాగితం మీద ఉంటుంది.

బ్యాంకు పంటరుణంలో రోజు విలువ ఇంకో రకం. మూడు లక్షల దాకా 7 శాతం. గడువులో కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది గనక రైతుకు పడేది 4. గడువు దాటితే ఆ మూడూ పోయినట్టే. నా అభిప్రాయం అడిగితే, పెద్దాయన వడ్డీ గడికంటే గడువు గడినే ముందు చూడాలి. ఆయన ఒక్కోసారి అలాగే చూస్తారు.

తగువు 23,000కే తెగింది. తర్వాతి సెలవుల్లో మనవరాలు భాగించే అంకె ఉన్న గడికి పాస్‌వర్డు పెట్టి, పక్కనే ‘365 లెక్కా? 30 రోజుల నెలా?’ అని కొత్త గడి కలిపింది. అది నింపందే నేను మొత్తం చూపించను. ప్రోనోటు రాసే రోజే ఇద్దరినీ ఆ మాట అడుగుతున్నారు పెద్దాయన.