నది లేని ఊళ్ళో పడవ మోటారు

మా మైలవరంలో నది లేదు. చెరువుంది, కొండవాగులున్నాయి, వానాకాలంలో రోడ్డు మీద మోకాటి లోతు గుంటలున్నాయి. కృష్ణ కావాలంటే ఇబ్రహీంపట్నం ఫెర్రీ దాకా బస్సెక్కాలి. అలాంటి ఊళ్ళో, మా ఇంటి వసారాలో, చెప్పుల స్టాండు పక్కన ఒక పడవ మోటారు ఉంది. పడవ లేదు.

ఫోన్లో ఈ సంగతి చెబితే కొందరు "ఓహో, డ్యామున్న మైలవరమా?" అంటారు. ఆ మైలవరం కడప జిల్లాలో, పెన్న మీద ఉంది. నేను అక్కడి వాణ్ణయినా కాస్త పరువు దక్కేది. అందుకని అలా అడిగినవాళ్ళకి "ఆఁ" అని, గబగబా వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగేస్తాను.

దీనికంతటికీ మూలం బుడమేరు. అది పుట్టేది మా వైపు కొండల్లో. 2024 సెప్టెంబరు మొదట్లో ఆకాశం చిల్లు పడ్డట్టు కురిస్తే, కొండపల్లి దగ్గర కట్టలు తెగి, ఆ నీళ్ళన్నీ బెజవాడ సింగ్‌నగర్ మీద పడ్డాయి. మా బావమరిది డాబా మీద చిక్కుకుని ఫోన్ చేశాడు. "బావా, మీ ఊరి నీళ్ళు మా ఇంటికొచ్చాయి" అన్నాడు. ఏడుస్తున్నాడో ఎగతాళి చేస్తున్నాడో తెలియలేదు. వరద తీశాక పరామర్శకు వెళ్ళి, నలుగురూ వింటుండగా, "ఈసారొస్తే ఏ పడవ కోసమూ చూడక్కర్లేదు, నేనే వస్తా" అని మాటిచ్చాను. ఒకప్పుడు జమీందారు పోషించిన నాటక కంపెనీతో పేరు తెచ్చుకున్న ఊరు మాది. సభలో డైలాగు కొట్టడం మా నీటిలోనే ఉంది. ఆ తర్వాత పాత ఇనుము కొట్లో ఈ మోటారు కనబడింది. రంగులన్నీ పోయి కంపెనీ పేరు కూడా చదవడానికి లేదు.

"పడవేదండీ?" అంది మా ఆవిడ.

"ముందు మోటారు బాగుచేద్దాం."

తాడు లాగాను, పలకలేదు. ప్లగ్గు విప్పి చూస్తే కరెంటు లేదు. ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను ఫిజికల్ సైన్సు మాస్టారుగా రిటైరయ్యాను. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టాడని ఏటా పదో తరగతికి చెప్పినవాణ్ణి. బోర్డు మీద ఆ తీగచుట్ట బొమ్మ నా అంత నున్నగా ఎవరూ వెయ్యలేరని పేరు. బొమ్మలోంచి నిప్పురవ్వ రావాలని ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు కూడా అడగలేదు.

ఈ మోటారు అడిగింది. ఇంజను నెత్తిన బోర్లించిన పళ్ళెంలా ఉండేది ఫ్లైవీల్. దాని అంచు లోపల అయస్కాంతాలుంటాయి, కింద కాయిల్. తాడు లాగితే అయస్కాంతాలు కాయిల్‌ని దాటుకుంటూ తిరుగుతాయి, కాయిల్లో కరెంటు పుడుతుంది. ఆ కరెంటుని సరిగ్గా సమయానికి తెంచడం పాయింట్ల పని. తెగిన క్షణంలో పక్కనున్న రెండో చుట్టలో వేల వోల్టులు లేచి ప్లగ్గులో నిప్పు రాలుతుంది. బ్యాటరీతో పని లేదు. పాత చేతక్ స్కూటర్లోనూ ఇదే ఏర్పాటు. అందుకే స్కూటర్ల మెకానిక్కుని పిలిచాను. వాడు నా శిష్యుడే. ఇంకెవరైనా అయితే నాలుగు తిట్టి పని చేసుకుపోయేవాళ్ళు. వీడు చేతులు కట్టుకుని నిలబడి "మీకు తెలియందేముంది మాస్టారూ, ఇప్పుడేం చెయ్యమంటారు?" అంటాడు. అంత గౌరవం మధ్య మనిషి ఎంతసేపని నిలబడగలడు?

నేను అప్పటికే సుత్తి పట్టుకున్నాను. వాడు మెల్లిగా దాన్ని నా చేతిలోంచి తీసుకుని, "కొట్టొచ్చు మాస్టారూ, మీ ఇష్టం. మాగ్నెట్లు ఊడొస్తాయంతే" అన్నాడు. ఫ్లైవీల్ ఇరుసు మీద ఏటవాలు పట్టులో బిగుసుకుని కూర్చుంటుంది. నడుమనున్న మరల కన్నాల్లో బోల్టులు బిగించి పుల్లర్‌తో లాగాలి గాని అంచు పట్టుకుని పెకలించకూడదు. ఆటోనగర్ నుంచి పుల్లర్ తెప్పించాడు. టక్కుమని ఊడి వచ్చింది.

లోపల పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. మా ఆవిడ గోళ్ళు అరగదీసుకునే ఆకురాయి మాయమైంది ఆ రోజే. పాయింట్ల మధ్య సందు పాత మోటార్లలో చాలావాటికి 0.020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు ఉండాలి. కొలిచే గేజు తేవడానికి మెకానిక్కు వెళ్ళిన కాసేపట్లో నేను దేవుడి గూట్లోంచి మా మరదలి కూతురి శుభలేఖ తీసి మడతపెట్టి కొలిచేశాను. గేజుతో చూస్తే కొలత తప్పింది. శుభలేఖకి గ్రీజంటింది. పెళ్ళికి మమ్మల్ని మళ్ళీ పిలవాల్సొచ్చింది, ముహూర్తం చదవడానికి వీల్లేక.

అన్నింటికన్నా నన్ను ఏడిపించింది హాఫ్‌మూన్ కీ. అర్ధచంద్రాకారంలో గోరంత ఇనపముక్క. ఫ్లైవీల్ ఇరుసు మీద ఏ దిక్కున కూర్చోవాలో చెప్పేది అదే. అది తెగితే ఫ్లైవీల్ రవ్వంత జరుగుతుంది, నిప్పు వేళ కాని వేళ పడుతుంది, లాగిన తాడు మన చెయ్యినే వెనక్కి లాగుతుంది. నా భుజం పట్టేసింది అందుకే. ఇంట్లో మాత్రం తలగడ మారిందని చెప్పాను. కొత్త కీ తెచ్చి పెట్టుకుంటే, బిగించే వేళకి లేదు. వసారా ఊడ్చాం, మనవడి జేబులు తిరగేశాం. చివరికి మా ఆవిడ వంటింట్లోంచి ఫ్లైవీల్ తెచ్చింది. అప్పటికే ఆవిడ దాన్ని స్టీలు డబ్బాల పక్కన బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి, పిన్నీసులు, తలపిన్నులు, సూదులు అందులో పడేస్తోంది. అయస్కాంతం కదా, ఒక్కటీ జారదు. పిన్నీసులన్నీ పీకితే వాటి అడుగున ఉంది నా కీ.

ఆవిణ్ణి మెత్తబరచడానికి ఓలె ఎవిన్‌రూడ్ కథ చెప్పాను. ప్రియురాలు బెస్ ఐస్‌క్రీమ్ అడిగితే సరస్సు మీద తెడ్లు వేసుకుంటూ వెళ్ళి తెచ్చాడట, ఆ ఆయాసంలోంచే పడవ మోటారు ఆలోచన వచ్చిందట, 1909 నుంచి అమ్మకానికి పెట్టాడు. వ్యాపారం ఆ బెస్సే చూసుకునేది. ఐస్‌క్రీమ్ దారిలో కరిగిందన్న ముక్క నేను మింగేశాను. "అంటే ఆయన తెచ్చాడన్నమాట" అంది మా ఆవిడ.

నీళ్ళు లేకుండా తిప్పితే లోపలి పంపులో రబ్బరు చక్రం మాడిపోతుంది. అందుకని పంచాయతీ కుళాయి నీళ్ళు పట్టుకునే డ్రమ్ములో మోటారు దింపాం. తాడు లాగితే అంటుకుంది! డ్రమ్ములో సగం నీళ్ళు పక్కింటివాళ్ళ డాబా మెట్ల మీద ఆరబెట్టిన వడియాల మీద పడ్డాయి. వీధంతా నీలం పొగ. దోమల మందు బండొచ్చిందనుకుని పిల్లలు కేకలేస్తూ పరిగెత్తుకొచ్చారు. మెకానిక్కు నాకు దణ్ణం పెట్టాడు. నేను పుచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున వసారాలో కూర్చుంటే ఏం చెయ్యాలో తోచలేదు. విప్పడానికి ఏమీ లేదు. పడవ కొనడం మాట ఎత్తితే ఇంట్లో ఏమవుతుందో తెలుసు. మోటారు చెడిపోయి ఉన్నన్నాళ్ళూ నాకొక పని, ఒక ప్రతిజ్ఞ, నూనె మరకల లుంగీ ఉండేవి.

ఇంతలో కొల్లేరు వైపు నుంచి ఒకాయన వచ్చాడు, మోటారు అమ్ముతారేమోనని. బుడమేరు చివరికి కలిసేది ఆ కొల్లేట్లోనే కాబట్టి న్యాయంగా అది అటే పోవాలి. నేను మాత్రం గొంతు సవరించుకుని, "ఇంకా పాయింట్లు కుదరలేదండీ. నిప్పు సరిగా పడటం లేదు. మీకిచ్చి మాట పడలేను" అన్నాను.

టీ కప్పుతో మా ఆవిడ బయటికొచ్చింది. "పాయింట్లు బాగానే ఉన్నాయి బాబూ, నిన్న వీధంతా పొగ పెట్టింది. తీసుకెళ్ళు. కాకపోతే ఆ పైనున్న చక్రం మటుకు మాకుంచెయ్యి, పిన్నీసులు పెట్టుకోవాలి."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, టీ తాగి, చెప్పులు వేసుకున్నాడు.