నీలి స్టీలు

మా వంటింట్లో గ్యాస్ పొయ్యి మీద, పెద్ద బర్నర్ చుట్టూ, అరచేతి వెడల్పున గోధుమరంగు మచ్చ ఒకటుంది. ఇంటికి వచ్చినవాళ్లు చాయ్ తాగుతూ అటు చూసి "పాత పొయ్యే తెచ్చుకున్నరా సార్?" అని అడుగుతారు. పాతది కాదు. కొత్తింటితో పాటు కొన్నదే. నా ఎమ్మెస్సీ పట్టా, బీఈడీ పట్టా బీరువాలో ఫైలు లోపల ఉన్నాయి. ఈ మూడో పట్టా మాత్రం నలుగురికీ కనబడేలా వంటగట్టు మీదే ఉంది.

నేను ఎల్లారెడ్డి వైపు ఒక ఉన్నత పాఠశాలలో భౌతికరసాయన శాస్త్రం చెబుతాను. ఉండేది కామారెడ్డిలో. పొద్దున బస్సెక్కితే తాడ్వాయి, లింగంపేట మీదుగా పోవడం, సాయంత్రం అదే దారిన రావడం. పుట్టిన ఊరు ఎల్లారెడ్డి పక్కనే, మా అవ్వ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. కామారెడ్డిలో నాలుగు గదుల ఇల్లు కట్టుకుని శ్రావణమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నాం. దానికి వారం ముందు పొయ్యి కొన్నాను.

దుకాణంలో కుర్రవాడు డబ్బాకు తాడు కడుతూ "సార్, కవర్ తీసి వాడుకోండ్రి" అన్నాడు. "ఎరుకే లేవయ్యా" అన్నాను. డబ్బాతోనే పొయ్యి వెలిగిస్తానని అనుకుంటున్నాడా ఏమిటి అని లోలోపల నవ్వుకున్నాను కూడా. ఇంటికొచ్చి అట్టడబ్బా తీశాను, థర్మాకోల్ ముక్కలు తీశాను, బర్నర్లకు చుట్టిన సంచులు తీశాను. కవర్ తీయడం అయిపోయింది.

పొయ్యి పై పలక లేత నీలంగా మెరుస్తోంది. మా ఆవిడ చూసి "స్టీలు గిట్ల నీలంగ ఉంటదా?" అంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, గోరు పెట్టి మూల గీకి చూస్తే ఈ కథ లేదు. నేనేం చేశాను? పాఠం చెప్పాను. తుప్పు పట్టని స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనబడని పొర కడుతుంది, ఆ పొరే లోపలి ఇనుమును కాపాడుతుంది. ఇదంతా నిజమే. కానీ దాని తోకకు "క్రోమియం ఎక్కువేస్తే ఇట్లా నీలి ఛాయ వస్తది, కొత్త మోడల్" అని నేను కట్టింది పచ్చి కల్పన. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. తెలియదు అనే మాట నోట్లో నుంచి రాలేదు, అంతే. ఇరవై ఏళ్లుగా నల్లబల్ల ముందు నిలబడేవాడికి ఆ మాట అంత తొందరగా రాదు. మర్నాడు స్టాఫ్‌రూంలో కూడా నీలి స్టీలు గురించి చెప్పాను. లెక్కల సార్ శ్రద్ధగా విన్నాడు. ఆయన సంగతి తర్వాత వస్తుంది.

గృహప్రవేశం నాడు పొయ్యికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలు చుట్టి, చిన్న బర్నర్ మీద పాలు పెట్టాం. తూర్పుకు పొంగాయి. చుట్టాలందరూ మంచిదన్నారు. భోజనాలు వంటవాళ్లవే కాబట్టి ఆ రోజు పొయ్యికి అంతకు మించి పని పడలేదు. మూడోనాడు పెద్ద బర్నర్ మీద అన్నం గిన్నె ఎక్కింది. వాసన మొదలైంది.

గ్యాస్ లీకవుతోందన్నాను నేను. "గ్యాస్ వాసన గాదు, ఏందో కాలుతున్నట్లున్నది" అంది మా ఆవిడ. ముక్కుకు అందినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది ఆమె. నేను మళ్లీ పాఠం ఎత్తుకున్నాను. వంటగ్యాస్‌కు తనదంటూ వాసన ఉండదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు, రవ్వంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది, కాబట్టి ఇది అదే. కిటికీలు తెరిచాను. ఫ్యాన్ స్విచ్ ముట్టుకోవద్దని పిల్లలను బెదిరించాను. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పాకుతుంది. అందుకని వంటింట్లో బోర్లా పడుకుని, బండలకు ముక్కానించి, సిలిండర్ దగ్గరి నుంచి గడప దాకా వాసన చూస్తూ పాకాను. పాలు పోయడానికి వచ్చినామె గుమ్మంలో నిలబడి "సారుకు నడుము పట్టిందా వదినా?" అని అడిగింది.

గ్యాస్ కంపెనీ అత్యవసర నంబరు 1906. ఫ్రిజ్ మీద పెద్ద అంకెలతో రాసి అతికించాను. అయితే అంతదాకా పోకుండా, సిలిండర్లు వేసే కుర్రవాణ్ని పిలిపించాను. అతను సబ్బునీళ్లు కలిపి రెగ్యులేటర్‌కు, ట్యూబ్‌కు, అతుకులకు పూసి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. "గ్యాస్ గాదు సార్, ప్లాస్టిక్ కాలుతున్న వాసన లెక్కున్నది" అన్నాడు. అతనికీ మెర్‌కాప్టాన్ గురించి చెప్పాను. రోజుకు వంద సిలిండర్లు మోసే మనిషికి గ్యాస్ వాసన ఎలా ఉంటుందో నేను చెప్పాను! ఓపిగ్గా విని, "సరే సార్" అని వెళ్లిపోయాడు. అయినా నమ్మకం కుదరక ట్యూబ్ కొత్తది వేయించాను.

అప్పటి నుంచి తొమ్మిది రోజులు మా ఇంట్లో వంటంతా చిన్న బర్నర్ మీదే. ఆరో రోజనుకుంటా, మా ఆవిడ "పొయ్యి మీద బొబ్బలు లేస్తున్నయి, ఒకసారి చూడుండ్రి" అంది. పత్రిక మీది నుంచి తల ఎత్తకుండా "వేడికి లోహం వ్యాకోచిస్తది" అన్నాను.

ఆ వారమే పదో తరగతికి కర్బన సమ్మేళనాలు చెబుతున్నాను. పాలిథిన్ పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. 1933 మార్చిలో ఇంగ్లండ్‌లో ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ ప్రయోగశాలలో రెజినాల్డ్ గిబ్సన్, ఎరిక్ ఫాసెట్ అనే ఇద్దరు ఇథిలిన్ వాయువును విపరీతమైన ఒత్తిడికి గురిచేసి ఇంకేదో తయారు చేద్దామనుకున్నారు. అది కాలేదు. పాత్ర తెరిస్తే అడుగున మైనంలాంటి తెల్లని పదార్థం కొంచెం కనబడింది. పారేయకుండా, ఇదేమిటా అని చూశారు. "కనబడినదాన్ని చూడటమే సైన్సు" అని పిల్లలకు గంభీరంగా చెప్పాను. సాయంత్రం బస్సెక్కి కామారెడ్డి వచ్చి, అదే పాలిథిన్ మీద పప్పుగిన్నె పెట్టాను.

పదోనాడు అవ్వ వచ్చింది, సంచీ నిండా మక్కకంకులతో. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, మనవళ్ల కోసం నేరుగా వంటింట్లోకి పోయి పెద్ద బర్నర్ వెలిగించి కంకి పెట్టింది. గిన్నె అడ్డం లేదు, మంట పైకి లేచింది, కంకిని తిప్పుతుంటే అటూ ఇటూ పాకింది. బర్నర్ పక్కన పలక ముడుచుకుపోయి నల్లగా చుట్టుకుంది. అవ్వ వెంటనే పొయ్యి ఆపేసింది. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. వేలితో మూల తడిమి, గోరు దూర్చి, పట్టి లాగింది. చర్రుమని సగం పొయ్యి మీది తోలు లేచి వచ్చింది.

"ఏంది కొడుకా, గీ తోలు తియ్యకనే వండుతున్నరా?"

నీలం రంగంతా ఆమె చేతిలోకి పోయింది. కింద మామూలు స్టీలు, మా ఇంట్లో గిన్నెల్లాగే తెల్లగా ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. మా ఆవిడ నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ బాధించింది. అవ్వ ఆ పొరను వెలుతురుకు పట్టి చూసింది. దాని మీద పసుపు, మూడు కుంకుమ బొట్లు, పొంగిన పాల మరక చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"మరి పూజ పొయ్యికి చేసిన్రా, దీనికి చేసిన్రా?"

ఇప్పుడు అవ్వ ఇంటి సంగతి చెప్పకపోతే నా తప్పు సగమే ఒప్పుకున్నట్టు. ఆమె ఇంట్లో టీవీ రిమోట్ పాలిథిన్ సంచిలో ఉంటుంది, నోటికి రబ్బరు బ్యాండు వేసి. ఫ్రిజ్ పిడికి వచ్చిన కవరు ఫ్రిజ్ కొన్ననాటిది. కుర్చీల చేతులకు చుట్టిన కాగితం చివికిపోయి తనంతట తాను రాలిందే తప్ప ఆమె చించలేదు. 1999లో ప్రభుత్వం దీపం పథకం తెచ్చి మహిళా సంఘాలవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. ఆ తర్వాత ఆమెకూ ఒకటి వచ్చింది. ఆ పొయ్యికి చీరముక్క కప్పి పక్కన పెట్టి, చాలాకాలం కట్టెల పొయ్యి మీదే వండింది. చుట్టాలొస్తే చీరముక్క తీసి చాయ్ పెట్టేది. అదంతా చూసి నేను ఎన్ని మాటలన్నాను! "వస్తువు వాడుకోవడానికా, దాచుకోవడానికా?" అని పండుగకు వెళ్లిన ప్రతిసారీ ఉపన్యాసం. ఒక దసరాకు రిమోట్ కవర్ చింపి బయట పారేశాను. దీపావళికి వెళ్లేసరికి కొత్త కవర్ ఉంది.

ఆ రోజు ఆ మాట ఆమె ఎత్తుతుందనుకున్నాను. ఎత్తింది, కానీ ఒక్కసారే. "నేనెరిగి ఉంచుకున్న. నువ్వు ఎరుకలేక ఉంచినవ్. గంతే కొడుకా తేడా" అని మళ్లీ కంకి పట్టుకుంది.

ఆ తోలు సంగతి తర్వాత ఆలోచించాను. ఆలోచించాల్సినప్పుడు కాదు, తర్వాత. స్టీలు పలకను వంచి, కోసి, లారీలో వేసి దుకాణం దాకా తెచ్చేటప్పుడు గీతలు పడకుండా ఈ పాలిథిన్ పొరను సన్నని జిగురుతో అంటిస్తారు. మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటుందేమో, వెంట్రుకంత. నీళ్లు 100 డిగ్రీల వద్ద మరిగితే ఈ రకం పాలిథిన్ 110 డిగ్రీల చుట్టుపక్కల కరిగిపోతుంది. అంటే పొయ్యి మీద ఉండదగిన వస్తువే కాదు. వేడి తగిలినా, ఎండ తగిలినా జిగురు గట్టిపడుతుంది, ఆలస్యం చేసినకొద్దీ రానంటుంది. రంగు వేయడంలో ఒక సౌకర్యం, పొర ఉన్నట్టు కంటికి తెలియడం. కనబడాలని ఉన్న రంగును నేను స్టీలుకు అంటగట్టి ఊరంతా చెప్పాను.

మిగిలిన పొర తీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. చల్లగా ఉన్నచోట ఊరికే వచ్చింది. బర్నర్ దగ్గర మాత్రం అట్టకట్టింది. నేను ఇనుప పీచు పట్టుకుంటే అవ్వ లాక్కుని "గీతలు పడతయి" అంది. కొబ్బరినూనె పూసి గంటసేపు వదిలేసి, వేడినీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచింది. జిగురు చాలావరకు ఊడింది. కరిగి కాలినచోటే మచ్చ మిగిలింది.

ఈ సంగతి బయటికి పొక్కకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. పొక్కలేదు కూడా. సోమవారం లెక్కల సార్ నా కుర్చీ దగ్గరికి వచ్చి, "సార్, మీరు చెప్పిన ఆ నీలి స్టీలు పొయ్యి కోసం నిన్న కామారెడ్డంతా తిరిగిన. ఎవ్వరి దగ్గర లేదు. ఒకాయనైతే నన్ను చూసి నవ్విండు. ఏ దుకాణమో చెప్పండ్రి, మా చెల్లె పెళ్లికి ఇయ్యాలె" అన్నాడు.

ఇక చెప్పక తప్పలేదు. స్టాఫ్‌రూం మొత్తం వింది. నవ్వారు, బాగా నవ్వారు. నవ్వు సద్దుమణిగాక జీవశాస్త్రం మేడం గొంతు సవరించుకుని, ఇంట్లో నీళ్ల ఫిల్టర్‌కు కొత్త కార్ట్రిడ్జ్ తానే వేశానని, నీళ్లు చుక్కలు చుక్కలుగా వస్తుంటే ట్యాంకు ఎత్తు చాలలేదని మేస్త్రీని పిలిపించానని చెప్పింది. మేస్త్రీ విప్పి చూస్తే కార్ట్రిడ్జ్ ప్లాస్టిక్ తొడుగుతోనే లోపల కూర్చునుంది. వ్యాయామోపాధ్యాయుడిది ఇంకా పెద్ద కథ. ముందువైపు తలుపుండే వాషింగ్ మెషీన్లకు, దారిలో డ్రమ్ము ఊగకుండా వెనకాల పొడుగాటి బోల్టులు బిగించి పంపిస్తారు. తీయకుండా నడిపితే స్ప్రింగులు పనిచేయవు, మెషీనే ఎగురుతుంది. ఆయన మెషీన్ బట్టలు పిండేటప్పుడల్లా స్నానాలగది నుంచి వరండా దాకా నడిచొచ్చేదట. ఆయన దాన్ని కిటికీ చువ్వలకు టగ్ ఆఫ్ వార్ తాడుతో కట్టేశాడు. బడి తాడు. ప్రధానోపాధ్యాయుడు మాత్రం ఏమీ అనలేదు. మధ్యాహ్నం వరండాలో ఫోన్ పట్టుకుని, "ఫ్రిజ్ పక్కలకు ఏమన్న అతికి ఉన్నదేమో జర చూడు" అని మెల్లగా చెబుతుండగా నేను విన్నాను.

దుకాణం కుర్రవాడి దగ్గరికి, సిలిండర్ల కుర్రవాడి దగ్గరికి వెళ్లి మీరు చెప్పిందే నిజమని చెప్పాలనుకున్నాను. రెండోవాడికి చెప్పాను. "నాకు ఆ రోజే ఎరుక సార్" అన్నాడు. మరి చెప్పలేదేమని అడిగితే, "మీరు చెప్తుంటిరి గద" అన్నాడు. మొదటివాడి దగ్గరికి ఇంకా పోలేదు.

అవ్వ ఊరికి పోయే ముందు శుక్రవారం పొద్దున్నే మళ్లీ పాలు పొంగించాలని పట్టుబట్టింది. ఈసారి చుట్టాలు లేరు, పూలు లేవు. స్టీలుకే పసుపు రాసి, స్టీలుకే బొట్లు పెట్టి, పెద్ద బర్నర్ మీద గిన్నె పెట్టాం. పాలు పడమటికి పొంగి, ఆ మచ్చ మీద పడ్డాయి. దిక్కు గురించి ఎవరూ మాట్లాడలేదు.