ఆయిల్ ఎటు పోతోందో చూసేవాళ్ళేరీ?

కారు ఆయిల్ తాగుతోందని చెబితే చాలు, ఈ రోజుల్లో వచ్చే జవాబు ఒక్కటే: "ఇంజను అయిపోయిందండీ, దించాల్సిందే." బానెట్ ఎత్తకముందే తీర్పు! మా రోజుల్లో విజయవాడ ఆటోనగర్‌లో ఏ కుర్రాడైనా ఇలా నోరు జారితే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. "ముందు ఆయిల్ ఎటు పోతోందో చూశావురా?" అని నిలదీసేవాడు. పోవడానికి దారులు రెండే. కారిపోవాలి, లేదా కాలిపోవాలి. నీళ్ళలో కలిసిపోవడం ఎప్పుడో గానీ జరగదు.

కారుతోందో లేదో తేల్చడానికి రాత్రి బండి కింద అట్టముక్క పరిచేవాళ్ళం. పొద్దున్నే మరక ఎక్కడ పడిందో చూస్తే సగం సంగతి తెలిసిపోయేది. అంబాసిడర్‌కైతే ముందువైపు పడితే క్రాంక్ పుల్లీ సీలు, మధ్యలో పడితే చాంబర్ ప్యాకింగు, ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట పడితే వెనక సీలు. టాపెట్ కవర్ ప్యాకింగు కారితే ఇంజను పక్కంతా తడిసి, వేడికి కమురు వాసన కొట్టేది. ఇప్పటి చాలా కార్లకు ఇంజను అడుగున ప్లాస్టిక్ కవరు బిగించి ఉంటుంది. కారిన ఆయిల్ దానిమీదే పోగుపడుతుంది, నేల మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. ఆ కవరు విప్పి చూసే ఓపిక ఎంతమందికుంది?

ఇక కాలిపోవడం. దీనికి సైలెన్సరే సాక్షి. నీలిపొగ ఆయిల్‌ది, నల్లపొగ ఎక్కువైన పెట్రోలుది, ఆగకుండా వచ్చే తెల్లపొగ నీళ్ళది. ఆ నీలిపొగ ఎప్పుడొస్తోందన్నదే అసలు ప్రశ్న. రాత్రంతా ఆపి ఉంచిన బండి పొద్దున్న స్టార్టు చేయగానే ఒక్కసారి గుప్పున కొట్టి ఆగిపోతే వాల్వ్ సీళ్ళు గట్టిపడ్డాయన్నమాట. తలుపులు మూసిన ఇంట్లోకి వాన చెమ్మ దిగినట్టు, రాత్రి వాల్వ్ గైడుల వెంట ఆయిల్ సిలిండర్లోకి దిగుతుంది. తిరుమల కొండ దిగేటప్పుడు ఇది ఇంకా బాగా బయటపడేది. 1944 నాటి ఆ పాత ఘాట్ రోడ్డులో సెకండ్ గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి మలుపులు తిరుగుతూ దిగుతాం. అప్పుడు ఇంజను లోపలికి పీల్చే బలం పెరిగి గైడుల గుండా ఆయిల్‌ను లాక్కుంటుంది. మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కగానే వెనక వచ్చేవాళ్ళకు నీలిపొగే. అలాకాక, ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు మీద లాగేటప్పుడు విడవకుండా పొగ కొడితే అనుమానం రింగుల మీదికి, బోరు మీదికి పోవాలి.

అనుమానం తీరడానికి కంప్రెషన్ గేజి ఉంది. ఒక్కో ప్లగ్గూ విప్పి కొలవాలి. తక్కువ చూపించిన సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ ప్యాకింగో. అన్నీ సమానంగా బాగానే ఉండి కూడా ఆయిల్ పోతుంటే సీళ్ళు చూడాలి, బ్రీదర్ చూడాలి. లేదంటే అడుగున ఉండే ఆయిల్ రింగు కార్బన్ పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. ఈ పనికి ఒక పూట చాలు.

ఆ ఒక పూట ఎవరూ పెట్టడం లేదనే నా కోపం. మా అల్లుడుగారి పాత పెట్రోలు కారుకు ఇలాగే ఒకచోట ఇంజను మార్చమన్నారు. గేజి పెట్టలేదు, ప్లగ్గు విప్పలేదు. పాత పరిచయమున్న షెడ్డుకు తీసుకెళ్ళాం. నాలుగు సిలిండర్లూ సమానం. బ్రీదర్ పైపుకుండే పీసీవీ వాల్వు జిగురుపట్టి మూసుకుపోయింది, చాంబర్లో గాలి పోయే దారిలేక ఆయిల్‌ను పైకి నెడుతోంది. వాల్వ్ సీళ్ళు గోరుతో నొక్కినా లొంగనంత గట్టిపడ్డాయి. హెడ్డు కూడా దించలేదు. ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పట్టించి, వాల్వులు కిందికి జారకుండా నిలిపి, స్ప్రింగులు తీసి సీళ్ళు మార్చారు. గాలి మిషను లేని రోజుల్లో ఇదే పనికి సిలిండర్లోకి నూలుతాడు దూర్చి పిస్టన్ పైకి తెచ్చేవాళ్ళు.

మా కాలపు ఇంజన్లే గొప్పవని నేననను. అవి త్వరగా అరిగేవి. ఇరవై థౌ, నలభై థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) అంటూ బోరింగు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేసేవాళ్ళం, ఇక కోయడానికి గోడ మిగలకపోతే స్లీవులు దింపేవాళ్ళం. ఇప్పటి లోహం మేలైనది, సందేహం లేదు. కానీ ఇప్పుడు చూపు మరింత అవసరం. కేటలిటిక్ కన్వర్టర్ కొంత పొగను తానే కాల్చేస్తుంది కాబట్టి ఆయిల్ పోతున్నా బయటికి తెలియదు, మెల్లగా ఆ కన్వర్టరే పాడవుతుంది. 1995లో నాలుగు మహానగరాల కొత్త పెట్రోలు కార్లకు అది తప్పనిసరి అయింది, తర్వాత అన్నిచోట్లకూ వచ్చింది. కొన్ని ఖరీదైన కార్లకైతే డిప్‌స్టిక్కే తీసేశారు! ఇక బంకులో దొరికే డబ్బా మందు పోయడం, పల్చటి ఆయిల్‌కు తయారైన ఇంజన్లో చిక్కటిది నింపడం వైద్యం కాదు. జబ్బును కప్పిపెట్టడం.

పాత కారున్నవాళ్ళకు నా మనవి ఒక్కటే. వారానికోసారి చదునైన చోట, ఇంజను చల్లారాక డిప్‌స్టిక్ తుడిచి చూడండి. పై గీత దాటి పోయకండి, ఎక్కువైనా నురగెత్తి బ్రీదర్లోంచి పోతుంది. ఏ రోజు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎంత పోశారో రాసిపెట్టుకోండి. ఆ లెక్కా, కంప్రెషన్ అంకెలూ చేతిలో లేకుండా ఎవరు చెప్పినా ఇంజను దించనివ్వకండి.