పేరూ చిరునామా ఉన్న కాగితం

యాభై ఏళ్లు దాటినవాళ్లకు నన్ను పరిచయం చెయ్యక్కర్లేదు. వాళ్లు రాసిన క్వార్టర్లీ పరీక్షల ప్రశ్నపత్రాలు, ఆఫీసు గేటు దగ్గర పంచిన యూనియన్ కరపత్రాలు, బదిలీ ఉత్తర్వుల నకళ్లు నా రోలర్ల మధ్య నుంచి వచ్చినవే. కుర్రవాళ్లకే చెప్పాలి. నేను సైక్లోస్టైల్ మిషన్ని. కరెంటు అక్కర్లేదు. పక్కనున్న హ్యాండిల్ తిప్పితే చాలు, ఒక కాగితం మీద రాసింది వందల కాగితాలకు ఎక్కిస్తాను. ప్రస్తుతం నా కాపురం లక్డీకాపూల్ వెనక సందుల్లో ఒక పాస్టరు గారి ఇంటి వరండాలో, గోనెపట్టా కింద.

మా వంశానికి మూలపురుషుడు డేవిడ్ గెస్టెట్నర్. హంగరీలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డవాడు. 1881లో ఆయన ఒక కలం తయారు చేశాడు. దాని కొసన చిన్న పళ్లచక్రం ఉంటుంది. మైనం పూసిన పల్చటి కాగితం మీద ఆ కలంతో రాస్తే చక్రం పొడుచుకుంటూ పోతుంది. ఆ సన్నటి రంధ్రాల్లోంచి సిరా దిగి కింది కాగితం మీద అక్షరమై పడుతుంది. ఆ మైనపు కాగితాన్నే స్టెన్సిల్ అన్నారు. తర్వాత స్టెన్సిల్‌ను చుట్టుకునే రోలర్లు వచ్చాయి, హ్యాండిల్ వచ్చింది, నాలాంటి వాళ్లం పుట్టాం.

తెలుగు స్టెన్సిల్ రాయడం అందరివల్లా అయ్యే పని కాదు. మన లిపిలో గుండ్రాలెక్కువ. ఇనుప మొన కాస్త గట్టిగా నొక్కితే సున్నా చుట్టూ తెగి నడిమి ముక్క ఊడిపోతుంది, సున్నా ఉండాల్సినచోట నల్లటి మచ్చ పడుతుంది. తప్పు రాస్తే ఎర్రటి ఫ్లూయిడ్ పూసి, ఆరేదాకా ఊది, దానిమీద మళ్లీ రాయాలి. వానాకాలం కాగితాలు ఒకదానికొకటి అంటుకుని రెండేసి లోపలికి దూరతాయి. నాతో కాపురం చెయ్యాలంటే ఓర్పుండాలి.

నా మొదటి ఉద్యోగం సైఫాబాద్ వైపు ఒక సర్కారు ఆఫీసులో. సర్క్యులర్లు, మెమోలు, జాబితాలు. 1975లో ఎమర్జెన్సీ పెట్టి పత్రికల మీద సెన్సార్ విధించినప్పుడు దేశంలో మా జాతివాళ్లు చాలామంది అటకల మీదా నేలమాళిగల్లోనూ దాక్కుని రహస్యపు కరపత్రాలు వేశారట. నాకు ఆ అదృష్టం పట్టలేదు. నేను ఆ రోజుల్లో క్రమశిక్షణ గురించిన సర్క్యులర్లు వేస్తున్నాను. జిరాక్సు మిషన్లు వచ్చాక ఆఫీసు నన్ను కండెమ్ చేసింది. వేలంలో నాంపల్లి కబాడీ వ్యాపారి చేతికి, అక్కణ్ణుంచి ఈ ఇంట్లో అప్పుడున్న పాస్టరు గారి చేతికి వచ్చాను.

"ఫాదర్ సాబ్, ఇనుము బరువుకే ఇస్తున్న, తీస్కపోండ్రి" అన్నాడు వ్యాపారి.

"ఇది తిరుగుతుందా భాయ్?" అన్నారు ఈయన.

"మీరు దువా చేస్తే తిరుగుతది."

రిక్షాలో కూర్చోబెట్టి తెచ్చారు నన్ను. ఇంటికి రాగానే ఆయన భార్య, మా అయ్యగారమ్మ, చూసి, "ఇప్పటికే ఇంట్లో మనుషులకు చోటు లేదండీ" అంది. అయినా కిరోసిన్ గుడ్డతో నా రోలర్లు తుడిచిందీ ఆవిడే, ఆ తర్వాత ఎక్కువసార్లు హ్యాండిల్ తిప్పిందీ ఆవిడే.

పాస్టరు గారు లూథరన్, ఆయనది గుంటూరు వైపు. లూథరన్లలో చాలామందిది ఆ వైపే, లేకపోతే గోదావరి వైపు. 1842 జులై 31న అమెరికా నుంచి జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే మిషనరీ గుంటూరులో దిగాడు. దాదాపు అదే కాలంలో జర్మన్ మిషనరీలు రాజమండ్రిలో పని మొదలుపెట్టారు. ఆ రెండు పాయలూ కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం అయ్యాయి. 1956 నవంబరులో హైదరాబాదు రాజధాని అయ్యాక ఆ జిల్లాల ఉద్యోగులు ఇక్కడికి వచ్చారు. అసెంబ్లీ, ఏజీ ఆఫీసు, సెక్రటేరియట్ అన్నీ లక్డీకాపూల్‌కు నడిచిపోయేంత దూరంలో ఉండటంతో, అద్దె కాస్త తక్కువున్న సందులు వెతుక్కుని సంసారాలు పెట్టారు. మా అయ్యగారు లోయర్ ట్యాంక్‌బండ్ మీదున్న ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో చదువుకుని, ఇలాంటి కుటుంబాల కోసమే ఇక్కడికి వచ్చారు.

ఆదివారం ప్రసంగం గుడికి వచ్చినవాళ్లకే అందుతుంది. నైట్ డ్యూటీ నర్సు రాలేదు. మంచాన పడ్డ ముసలమ్మ రాలేదు. సంఘంలో ఎవరితోనో మాటపట్టింపు వచ్చి మానేసినవాళ్లు అసలే రారు. వీళ్లకోసం వారానికొక కాగితం వెయ్యాలనుకున్నారాయన. ఒకే కాగితం, రెండు వైపులా. పేరుగానీ బొమ్మగానీ లేవు. పైన తేదీ, కింద విషయం.

మొదట్లో ఆయన రాసింది చదవాలంటే నాకే ఆవలింతలు వచ్చేవి. పాత బైబిలు వాసనతో, "గనుక", "యెడల", "ఐయున్నది" అంటూ సాగేది. ఒక వారం వేసిన కాగితం పోస్టులో తిరిగొచ్చింది. దాన్నిండా ఎర్ర సిరా దిద్దుబాట్లు. పంపినాయన శాంతినగర్‌లో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు, నిత్యం సంధ్యవార్చే మనిషి. మార్జిన్‌లో ఒక మాట రాశాడు: మీ దేవుడి సంగతి నాకు తెలియదు గానీ, మీ వాక్యం ఎక్కడ ఆగుతుందో మీకైనా తెలుసా అని.

అయ్యగారు మర్నాడే ఆయన ఇంటికి వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ వారం నుంచి స్టెన్సిల్ కోసే ముందు చిత్తుప్రతి శాంతినగర్ వెళ్లి వచ్చేది. వాక్యాలు సగానికి సగం తగ్గాయి. పండితుడు బతికున్నంతకాలం ఆ దిద్దుబాటు సాగింది, ఆయన మతం మార్చుకోనూ లేదు, అయ్యగారు అడగనూ లేదు. సంఘంలో ఒక పెద్దమనిషి, "అయ్యగారూ, సువార్త చెప్పకుండా వ్యాకరణం నేర్చుకుని వస్తున్నారేమిటి?" అని వెక్కిరించాడు. "ఆయన నా ప్రతి మాటా రెండుసార్లు చదువుతాడు. మీరు ఒకసారైనా చదివారా?" అన్నారీయన.

చదువుతున్నకొద్దీ మనుషులు రాయడం మొదలుపెట్టారు. పోస్టుకార్డులు వచ్చేవి. కూతురి పెళ్లికి అప్పు చెయ్యాలా వద్దా, కట్నం ఇచ్చి చేసిన పెళ్లిని గుడిలో ఎలా ఆశీర్వదించారు, ప్రభువు బల్ల దగ్గర అందరం ఒకటే గానీ సంబంధాల దగ్గర కులమెందుకు అడుగుతారు. ఈ చివరి ప్రశ్నను పేరు తీసేసి యథాతథంగా వేశారు అయ్యగారు. జవాబు మూడు వాక్యాలు కూడా లేదు: నాకు సిగ్గుగా ఉంది, నా పిల్లల పెళ్లిళ్లలో అడగను, మీరు కూడా అడగకండి. ఆ వారం కాగితాలు సరిపోక మళ్లీ తిప్పాల్సి వచ్చింది. ఆ వారమే కొందరు ఆయనతో మాట్లాడటం మానేశారు.

నిలోఫర్ ఆసుపత్రి, రెడ్ హిల్స్‌లో క్యాన్సర్ ఆసుపత్రి ఆ ఇంటికి దగ్గరే. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు లోపల బిడ్డనో అమ్మనో ఉంచి రాత్రంతా బయట పేవ్‌మెంట్ మీద పడుకునేవాళ్లు. వాళ్లకోసం అయ్యగారు వేరే కాగితం రాశారు. ముందు వైపు ఏ కౌంటర్ ఎప్పుడు తెరుస్తారు, రక్తం కావాలంటే ఎవరిని అడగాలి, రాత్రిపూట తాగేనీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఊరికి వెళ్లే బస్సు ఎక్కడెక్కాలి. వెనక వైపు నాలుగు ఓదార్పు మాటలు, ఒక కీర్తన నంబరు. అడిగినవాళ్లకే ఇచ్చేవారు. సాయానికి వచ్చిన కుర్రవాళ్లు వెనక వైపు ఇంకాస్త ఘాటుగా ఉండాలన్నారు. "జ్వరంతో ఉన్న పిల్లవాడి తల్లి దగ్గర మనం గొంతు పెంచకూడదురా. వినాలనుకుంటే ఆవిడే అడుగుతుంది" అన్నారు. కొందరు అడిగారు. చాలామంది ముందు వైపు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. రెండిటికీ ఆయన సంతోషించారు.

శనివారం సాయంత్రాలు కుర్రవాళ్లు కాగితాలు మడుస్తుంటే అయ్యగారు పాత కథలు చెప్పేవారు. లూథరన్లకు ఆ పేరు తెచ్చిన లూథర్ 1522 సెప్టెంబరులో జర్మన్ భాషలో కొత్త నిబంధన అచ్చు వేయిస్తే, సుమారు 3,000 ప్రతులు చెల్లిపోయి డిసెంబరుకల్లా రెండో ముద్రణ వచ్చిందని. లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలు అనువదించాడని, అది అచ్చు ముఖం చూడకపోయినా, జర్మనీలోని హాలే పట్టణంలో 1746 ప్రాంతంలో ఆయన వేయించిన చిన్న పుస్తకాలే తెలుగులో మొదట అచ్చయినవని, వాటిలో లూథర్ రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం, చిన్న కాటెకిజం, ఒకటని. ఇవన్నీ వింటుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది. పాస్టర్లకూ అచ్చుమిషన్లకూ ఇంత పాత చుట్టరికం ఉందని ఆఫీసులో నాకెవరూ చెప్పలేదు.

వాటన్నిటిలో నాకు గుర్తుండిపోయింది మరొకటి. 1517లో లూథర్ రాసిన 95 వాదాంశాలకు ముందు నాలుగు మాటల పీఠిక ఉంది. అందులో తన పేరు, చదువు, ఊరు చెప్పుకున్నాడు. ఎదురుగా వచ్చి వాదించలేనివాళ్లు ఉత్తరం ద్వారా వాదించవచ్చని పిలిచాడు. "చర్చిని కదిలించిన కాగితం కింద దాక్కున్నవాడు లేడు" అనేవారు అయ్యగారు.

నాంపల్లి కోర్టులో గుమాస్తాగా పనిచేసే సంఘస్తుడు ఒకాయన ఉండేవాడు. ఒకరోజు ఆయన కాగితం తిరగేసి చూసి, "అయ్యగారూ, మీరు చట్టం తప్పుతున్నారు" అన్నాడు. 1867 నాటి ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీదా అచ్చువేసినవారి పేరూ, వేసిన చోటూ ఉండాలట. అచ్చు అంటే అందులో సైక్లోస్టైల్ కూడా చేరుతుందని చట్టంలోనే ఉందట. నా పేరు చట్టంలోకి ఎక్కిన సంగతి నాకు తెలిసింది ఆ పూటే. ఆ వారం నుంచి ప్రతి కాగితం అడుగునా అయ్యగారి పేరు, ఇంటి నంబరు, వీధి, "సైక్లోస్టైల్ చేసినది ఇక్కడే" అన్న మాట పడ్డాయి.

చట్టం కోసం వేసిన ఆ ఒక్క లైను మిగతా కాగితమంతా చేసిన పనికంటే ఎక్కువ పని చేసింది. మనుషులు చిరునామా పట్టుకుని రావడం మొదలుపెట్టారు. పోట్లాడటానికి వచ్చినవాళ్లున్నారు. "మా ఊళ్లో మీవాళ్లు మా దేవుణ్ణి తిట్టారు" అని కోపంతో వచ్చిన ఒకాయన టీ తాగి, "మీరు తిట్టలేదు కాబట్టి మీకు చెప్తున్నా" అని వెళ్లాడు. తాగి వచ్చే మొగుడితో వేగలేక అర్ధరాత్రి పిల్లలతో తలుపు తట్టిన ఆడమనిషి ఉంది. ఆవిడ చేతిలో చెమటకు తడిసిన కాగితం ఉంది. ఆ రాత్రి అయ్యగారమ్మ వాళ్లకు పక్క వేసింది నా పక్కనే. గుడిమెట్లు ఎన్నడూ ఎక్కనివాళ్లు ఈ వరండా మెట్లు ఎక్కారు. రాసినవాడు ఇంట్లో ఉంటాడని తెలిస్తేనే మనిషి కష్టం చెప్పుకోవడానికి వస్తాడు.

తర్వాత అబిడ్స్ స్టేషనరీ షాపుల్లో స్టెన్సిళ్లు దొరకడం కష్టమైంది. డీటీపీ సెంటర్లు వచ్చాయి, తెలుగు ఫాంట్లు వచ్చాయి. అయ్యగారు రిటైరై సొంత ఊరు వెళ్తూ నన్ను ఇక్కడే వదిలేశారు. వచ్చిన కొత్త పాస్టరు గారు చిన్నవాడు, మంచివాడు. ఫోన్లోనే రాస్తాడు. నేను ఏడాదిలో వెయ్యలేనన్ని కాపీలు ఆయన బొటనవేలు ఒక్క పూటలో పంపుతుంది. నాకేం అసూయ లేదు. ఇంకు మరకల్లేవు, వానకు తడవదు, దుబాయ్‌లో ఉన్న సంఘస్తుడికి కూడా అదే నిమిషంలో చేరుతుంది.

ఒకసారి మాత్రం ఆయన ఎవరో పంపిన స్వస్థత సాక్ష్యాన్ని చూడకుండా ముందుకు తోసేశాడు. మందులు మానేస్తే రోగం తగ్గిందన్న కథ అది. కింద పేరు లేదు, ఊరు లేదు. సంఘంలో షుగరు ఉన్న ఒక పెద్దాయన అది నమ్మి మాత్రలు మానేసి ఆసుపత్రి పాలయ్యాడు. బతికి వచ్చాడు. పాస్టరు గారు పెద్దాయన మంచం పక్కన కూర్చుని ఆ కథ రాసినవాణ్ణి వెతకబోతే, తీగ పట్టుకుని వెనక్కి పోయినకొద్దీ ఒకరు ఇంకొకరిని చూపించారే గానీ రాసినవాడు దొరకలేదు. ఇప్పుడాయన ఏది పంపినా అడుగున తన పేరు, గుడి చిరునామా, ఫోన్ నంబరు వేస్తున్నాడు. పేరులేనివి ముందుకు పంపడం మానేశాడు. పంపేవి తగ్గాయి. ఫోన్లు పెరిగాయి.

1867 నాటి ఆ పాత చట్టం ఇప్పుడు లేదు, 2023లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు. ఫోన్లో వచ్చే మాట కింద పేరు పెట్టించే గుమాస్తా నాంపల్లిలో ఎవరూ లేరు. కాబట్టి రాసేవాళ్లే పెట్టుకోవాలి. పాస్టర్లకూ, మౌల్వీలకూ, పూజారులకూ, దేవుడే లేడని రాసేవాళ్లకూ నాది ఒకటే విన్నపం: మీరు నమ్మింది రాయండి, నిర్భయంగా రాయండి. కింద మీ పేరు పెట్టండి, మిమ్మల్ని ఎక్కడ కలవాలో చెప్పండి. ఎవరైనా తలుపు తడితే తియ్యండి. ఆ మూడూ చెయ్యలేని రోజు రాయకండి.